ఒకే బాల్కనీ నుంచి ఉడుమూ, పట్టు చిలుకా: 8×32 బైనాక్యులర్‌తో పదకొండు నెలలు

బైనాక్యులర్ కొనడానికి వెళ్ళిన ఎవరైనా మొదట అడిగేది "ఎంత దూరం కనిపిస్తుంది?" అని. నేనూ అదే అడిగి ఒకసారి దెబ్బతిన్నాను. ఇప్పుడు నన్నెవరైనా సలహా అడిగితే "ఎంత దగ్గర కనిపిస్తుందో ముందు కనుక్కోండి" అంటున్నాను. ఆ మాట నాకు నేర్పినవి రెండు ప్రాణులు. ఒకటి నాలుగడుగుల ఉడుము. రెండోది అరచేతి కంటే పెద్ద రెక్కలున్న దసలి పట్టు చిలుక, అంటే దసలి (టసర్) పట్టుపురుగుకి రెక్కలొచ్చాక అయ్యే చిలుక. రెండూ మా బాల్కనీ నుంచే కనిపించాయి.

మా ఇల్లు విశాఖలో ఆరిలోవ వైపు, కొండ మొదట్లో. రెండో అంతస్తు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను, ఇంకో మూడేళ్ళ సర్వీసుంది. బాల్కనీ గ్రిల్‌కి రెండు మీటర్ల దూరంలో ఒక బాదం కొమ్మ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి నడిమికి విరిగి, మొదలు నుంచి మళ్ళీ చిగిర్చిన చెట్టు అది. అదే బాల్కనీకి ఎదురుగా నలభై మీటర్ల అవతల ఒక ఖాళీ స్థలం, దానికి సిమెంటు దిమ్మెల గోడ, గోడ వెనక తుప్పలు, ఆ పైన కొండ. కంబాలకొండ అభయారణ్యం డెబ్భై చదరపు కిలోమీటర్ల అడవి. దాని పక్కనే కాలనీలు కట్టుకున్నాం కాబట్టి అక్కడి జీవాలు మా గోడల మీదికి వస్తే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు.

నా పాత బైనాక్యులర్ 10×50. ఆరేళ్ళ కిందట ఊళ్ళో ఒక షాపులో కొన్నాను. దాదాపు కిలో బరువు. మెడలో వేసుకుంటే పది నిమిషాలకే మెడ లాగేసేది. రెండో వర్షాకాలం దాటేసరికి లోపలి అద్దం మీద సాలెగూడులా తెల్లటి దారాలు కనబడ్డాయి. షాపుకి తీసుకెళ్తే "దుమ్మండీ, ఏం పర్వాలేదు" అన్నారు. దుమ్ము కాదు, బూజు. మన విశాఖ గాలిలో ఏడాది పొడుగునా తేమే. తోలు సంచీలో పెట్టి బీరువాలో దాచిన లెన్సుకి బూజు పట్టక మానదు. ఒకసారి పట్టిందంటే అద్దం మీది పూతని కూడా తినేస్తుంది, తుడిస్తే పోయేది కాదు. అది బూజు అని ఆ షాపతనికి తెలియకపోవడం కంటే, తెలిసీ చెప్పలేదేమో అన్నదే నాకు ఎక్కువ బాధ.

అసలు కొత్తది కొనాలని గట్టిగా అనిపించింది మాత్రం బూజు వల్ల కాదు. కిందటి జనవరి చివర్లో బాదం ఆకులన్నీ ఎర్రబడి రాలిపోయాక, కొమ్మకి ఏదో వేలాడుతూ కనబడింది. కోడిగుడ్డంత, బూడిద కలిసిన పసుపు రంగు, పైన సన్నటి కాడ. పండు కాదు. పాత బైనాక్యులర్ పెట్టి చూస్తే మొత్తం మసక. ఆరు మీటర్ల లోపల ఉన్నదేదీ దానికి కనిపించదు. చంద్రుడి మీద గుంటలు చూపించిన వస్తువు, చెయ్యి చాపితే ఇంచుమించు అందే కొమ్మని చూపించలేకపోయింది. వంటగదిలోంచి స్టూలు తెచ్చుకుని, గ్రిల్‌కి ముక్కు ఆనించి కళ్ళు చికిలించి చూశాను. దసలి పట్టుకాయ, అంటే ఆ పట్టుపురుగు కట్టుకునే గూడు!

ఫిబ్రవరిలో ఈ 8×32 ఆన్‌లైన్లో తెప్పించాను. 11,400 రూపాయలు. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద చెప్పబోయే లోపం నాకొచ్చిన ఒక్క జతదే కావచ్చు. అంకెలు మాత్రం అన్నీ రాస్తాను, అవి చూసుకుని ఏ కంపెనీదైనా కొనుక్కోవచ్చు.

8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని. 32 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. నలభై మీటర్ల దూరంలో ఉన్న ఉడుము ఐదు మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న చిలుక పావు మీటరులో, అంటే పుస్తకం పట్టుకుని చదువుకునే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. పెట్టె మీద "దగ్గరి ఫోకస్ 1.8 మీటర్లు" అని ఉంది. నేను టేపు పట్టి కొలిచాను, 1.9 దగ్గర స్పష్టంగా వచ్చింది. నాకది చాలు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఇంకో అంకె చూసుకోవాలి, ఐ రిలీఫ్ అని. కంటి వైపు అద్దానికి కన్ను ఎంత దూరంలో ఉన్నా బొమ్మ మొత్తం కనిపిస్తుందో చెప్పే అంకె అది. నాది 16 మిల్లీమీటర్లు. కళ్ళజోడు తియ్యకుండానే బొమ్మ మొత్తం కనిపిస్తోంది. కొంతమంది జోడు తీసి, పెట్టి, తీసి, పెట్టి విసిగిపోతారు. ఆలోగా ఉడుము వెళ్ళిపోతుంది.

మార్చి మొదటి వారం నుంచి ఉడుము రావడం గమనించాను. తొమ్మిది దాటాక, గోడ మీదికి ఎండ పూర్తిగా పడ్డాక వస్తుంది. ఆదివారాలూ సెలవులూ తప్ప నాకు దొరికే టైము కాదు. పొడవెంతో దిమ్మెలు లెక్కపెట్టి తేల్చాను. మూడు దిమ్మెల పొడవు, దిమ్మె పదహారు అంగుళాలు, అంటే ముక్కు నుంచి తోక కొస దాకా నాలుగడుగులు. బాగా పెద్దవి ఐదున్నర అడుగుల దాకా పెరుగుతాయి కాబట్టి ఇదింకా నడివయసుదే అనుకుంటాను. వచ్చీ రాగానే గోడకి పొట్ట ఆనించి పరుచుకుంటుంది. అరగంట కదలదు. ఒంట్లోకి వేడి ఎక్కాలి, అప్పుడే దానికి పని.

ఆ అరగంటే బైనాక్యులర్‌కి అసలు పరీక్ష. మొదట తలని ఫోకస్ చేశాను. కంటికీ ముక్కు కొసకీ మధ్యలో ఏటవాలుగా చీలిక ఉంటుంది, అదే ముక్కు రంధ్రం. కన్ను వెనక చెవి గుంట. ఒంటి నిండా పూసలు అద్దినట్టు చిన్న చిన్న పొలుసులు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా. మెడ దగ్గర పాత చర్మం పొరలుగా లేచి గాలికి ఊగుతోంది. కుబుసం విడిచే రోజులన్నమాట. ఇవన్నీ నలభై మీటర్ల అవతలివి. గొంతు మాత్రం కొలిమి తిత్తిలా ఆడుతూనే ఉంది. ఉడుములు పక్కటెముకలతో పీల్చడమే కాక గొంతుతో కూడా గాలిని ఊపిరితిత్తుల్లోకి తోస్తాయి. తొండ నాలుగు గెంతులు వేసి ఆయాసంతో ఆగిపోయే చోట ఉడుము నడుస్తూనే ఉండగలగడానికి అదొక కారణం. పాఠంగా ఎన్నిసార్లు చెప్పానో. కళ్ళతో చూసింది అప్పుడే.

అంచుల దగ్గర ఊదారంగు గీత వస్తుంది. ఎండ పడిన గోడ అంచు మీద తోక పెట్టినప్పుడు తోక చుట్టూ సన్నటి ఊదా చార. ఈ ధరలో అది తప్పదు. నడిమధ్య మాత్రం శుభ్రంగా ఉంటుంది. వెయ్యి మీటర్ల దగ్గర 131 మీటర్ల వెడల్పు కనిపిస్తుందని బైనాక్యులర్ ఒంటి మీదే అచ్చువేశారు. ఆ వెడల్పు ఎందుకు కావాలో ఉడుము గోడ దిగి తుప్పల్లో నడిచినప్పుడు తెలిసింది. 10×50లో అయితే ప్రతిసారీ అది తప్పిపోయేది, మళ్ళీ ఉత్త కళ్ళతో వెతుక్కోవాల్సి వచ్చేది. ఇందులో ఆకుల కింద ముక్కు పెట్టి వెతకడం, ముందుకాళ్ళతో మట్టి తోడడం, నల్లటి పేడపురుగుని పట్టి రెండుసార్లు తల విదిలించి మింగడం అంతా ఒకే చూపులో దొరికింది.

ఒక ఆదివారం ఎదుటి స్థలంలో పునాది పని మొదలైంది. మేస్త్రి పార పట్టుకుని గోడ వైపు నడుస్తున్నాడు. నేను పైనుంచి కేకేశాను.

"ఏం బాబూ, దేనికి?"

"మొసలి పిల్ల కాదేటండీ అది? పిల్లలు తిరిగే చోటు కదా."

"ఉడుము బాబూ. ఎవర్నీ ఏం చెయ్యదు. పార అక్కడ పెట్టి ఒకసారి పైకి రా."

వచ్చాడు. చేతులకి సిమెంటు ఉందని గుమ్మం దగ్గరే ఆగిపోతే, పర్వాలేదు పట్టుకోమన్నాను. అతనికి కళ్ళజోడు లేదు కాబట్టి కంటి దగ్గరి రబ్బరు రింగులు పైకి తిప్పి ఇచ్చాను. మొదట ఏమీ కనబడలేదన్నాడు. చక్రం తిప్పమన్నాను. ఒక్కసారిగా "అమ్మో!" అని తల వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ పెట్టాడు.

"నాలుక సూడండమ్మా, పాముకున్నట్టే రెండు పాయలు. ఏటి, అలగ తీసి పెడతంది?"

"వాసన చూస్తోంది. గాలిలో వాసనని ఆ రెండు పాయలతో పట్టి నోట్లో పైన ఉన్న గుంటలకి అందిస్తుంది."

"మా ఊళ్ళో కూరొండుకునేవోళ్ళమ్మా."

తెలుసన్నాను. కూరకే కాదు. ఒకప్పుడు కంజీర వాద్యానికి దీని చర్మమే బిగించేవారు, దీని నూనె నొప్పులకి మందని ఇప్పటికీ అమ్మేవాళ్ళున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్లో ఉందని, చంపితే కనీసం మూడేళ్ళు జైలని చెప్పాను. జైలు మాట అతను విన్నాడో లేదో నాకు తెలియదు. కళ్ళు తియ్యకుండా పది నిమిషాలు చూశాడు. దిగేటప్పుడు "తోక తెంపుకోదేటండీ, బల్లిలాగ?" అని అడిగాడు. తెంపుకోదు. ఉడుముకి ఒకసారి తోక పోతే పోయినట్టే. మంచి ప్రశ్న, నా తొమ్మిదో తరగతిలో ఎవరూ అడగలేదు. అతని చేతి సిమెంటు రబ్బరు తొడుగు మీద అంటుకుంది. తడిగుడ్డతో తుడిస్తే మచ్చ లేకుండా పోయింది.

ఇక పట్టుకాయ. ఉడుం పట్టు అని మనం ఊరికే అంటుంటాం. కొత్త బైనాక్యులర్‌లో ఈ కాయ కాడని చూసినప్పుడు పట్టు అనే మాటకి ఉన్న రెండు అర్థాలూ ఒక్కచోటే కనిపించాయి. పురుగు గూడు కట్టుకునే ముందు కొమ్మ చుట్టూ పట్టుతో ఉంగరం చుడుతుంది. ఆ ఉంగరం నుంచి గట్టి కాడ దించి, దాని కింద గూడు అల్లుకుంటుంది. ఆకు రాలినా, కొమ్మ ఊగినా గూడు ఊడదు. ఉంగరం మీద దారపు పోగులు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా చుట్టుకుని, కొమ్మ బెరడులోకి దిగినట్టున్నాయి. ఉడుము పట్టు గోళ్ళలో ఉంది. పగుల్లోకి దూరి ఒళ్ళు ఉబ్బించుకుని గోళ్ళు దించిందంటే లాగడం కష్టం. కాకపోతే అది కావాలనుకున్నప్పుడు వదిలేస్తుంది. పురుగు వేసిన పట్టు అది ఎగిరిపోయాక కూడా వదలదు.

మన దగ్గర దసలి పట్టు అంటే తెలంగాణలోని మహదేవపూర్ గుర్తొస్తుంది, అక్కడ నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద పెంచుతారు. బాదం కూడా మద్ది కుటుంబపు చెట్టే, అందుకే మా కొమ్మ దానికి నచ్చింది. చలికాలం, ఎండాకాలం గూట్లోనే పడుకుని తొలకరికి బయటికొస్తుంది. ఉడుము గుడ్లూ అంతే, మట్టిలోనో పుట్టలోనో ఆరు నెలలకి పైగా ఉంటాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రోజూ పొద్దున్నా సాయంత్రం చూశాను. మా వారు "ఇంకా ఎన్నాళ్ళు?" అని అడగడం మానేశారు.

జూన్ నాలుగో వారం, రెండు మంచి వానలు పడ్డాక, ఒక సాయంత్రం ఆరున్నరకి కాయ పైభాగం తడిసినట్టు నల్లబడి కనిపించింది. లోపల ఉన్నది ఒక ద్రవం వదిలి పట్టుని మెత్తబరుస్తుంది. కోసుకోవడానికి దానికి పళ్ళు లేవు. ఏడింటికి తల బయటికొచ్చింది. తర్వాత కాళ్ళు, తర్వాత తడిసి నలిగిన గుడ్డపేలికల్లా రెక్కలు. అది గూటిని పట్టుకుని వేలాడుతూ ఉంటే ఇరవై నిమిషాల్లో ఆ పేలికలు విచ్చుకున్నాయి. పసుపు, ఆడది.

వీధి దీపం వెలుతురు తప్ప ఏమీ లేదు. టార్చి వెయ్యలేదు, అది బెదురుతుందని. ఇక్కడ మళ్ళీ అంకెలు. 32ని 8తో భాగిస్తే 4. కంటికి చేరే వెలుగు స్తంభం నాలుగు మిల్లీమీటర్లు. ఉడుముని పగటి ఎండలో చూడ్డానికి రెండున్నర ఉన్నా సరిపోతుంది, మన కంటిపాప అంతకంటే తెరుచుకోదు. మునిమాపు వేళ మాత్రం నాలుగు కొంచెం తక్కువే. 8×42 అయితే ఐదు దాటుతుంది, రాత్రి పురుగుల్ని చూడాలనుకునేవాళ్ళు బరువుకి సిద్ధపడి అదే కొనుక్కోవడం మంచిది. నాకు ఎనిమిదింటి దాకా బాగానే కనిపించింది, ఆ తర్వాత రంగులు కరిగిపోయాయి.

ఆ గంటలో చూసింది చెబుతాను. ఒక్కో రెక్క మీద కన్ను లాంటి ఒక్కో గుండ్రటి మచ్చ ఉంటుంది, దాని నడుమ పొలుసులు లేవు. అది అద్దం. చుట్టూ సన్నటి ముదురు అంచు, లోపల పారదర్శకమైన పొర. ఆ పొర గుండా వెనకున్న బాదం ఆకు ఈనె కనిపించింది. నేను నా చేతిలో అద్దాల లోంచి దాని రెక్కలో అద్దంలోంచి ఆకుని చూస్తున్నాను! ఆ మాట ఎవరికైనా చెప్పాలని చుట్టూ చూస్తే బాల్కనీలో ఎవరూ లేరు.

దానికి నోరు పనిచెయ్యదు. తినదు, తాగదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకులతోనే వారం, పది రోజులు బతుకుతుంది. ఉడుము నాలుకతో చేసే పని ఇక్కడ మగచిలుక మీసాలు చేస్తాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి చూస్తే కొమ్మ మీద రెండున్నాయి. కొత్తది ఎర్రమట్టి రంగు, కాస్త చిన్నది, మీసాలు ఈకల్లా వెడల్పుగా ఉన్నాయి. రాత్రంతా ఆడది వదిలిన వాసనని ఆ ఈకలతో పట్టి ఎక్కడినుంచో వచ్చింది. మర్నాడు చీకటి పడ్డాక ఆడది రెక్కలు వణికించడం మొదలుపెట్టింది. చలికి కాదు. ఎగిరే కండరాలు వేడెక్కాలి, అప్పటిదాకా లేవలేదు. ఉడుము అరగంట ఎండ కాచుకుని తెచ్చుకునే వేడిని ఇది వణికి పుట్టించుకుంటోంది. రెండు నిమిషాలు, అంతే. లేచిపోయింది.

ఇంత దగ్గర ఫోకస్‌లో ఒక ఇబ్బంది ఉంది, ఎవరూ చెప్పరు. రెండు మీటర్ల దగ్గర రెండు కళ్ళకీ రెండు బొమ్మలు విడివిడిగా వస్తాయి, తల తిరిగినట్టుంటుంది. రెండు గొట్టాలనీ కాస్త దగ్గరికి మడవండి, అప్పటికీ కుదరకపోతే ఒక కన్ను మూసుకోండి. నేను ఎడమ కన్ను మూసేశాను.

లోపం ఫోకస్ చక్రంలో. ఏడో నెలకి వదులైంది. ఇటు తిప్పాక అటు తిప్పితే మొదటి కొంచెం దూరం ఏమీ కదలదు. ఉడుముకి ఇబ్బంది లేదు, దూరంలో ఆ తేడా తెలియదు. చిలుకకైతే ఆ కొంచెమే ప్రాణం. కంపెనీకి రాస్తే వేరే ఊరికి పార్శిల్ పంపమన్నారు, రానూపోనూ ఖర్చు నాదేనట. వారంటీ కార్డు మీద ఆ ముక్క లేదు. ఇంకా పంపలేదు. పట్టీ కూడా నాసిరకం, మెడ దగ్గర ఒరుసుకుంటుంది. పూర్ణా మార్కెట్లో నూలు పట్టీ కొని కుట్టించుకున్నాను. పెట్టెలో ఇచ్చిన తోలు లాంటి సంచీ వాడొద్దు. లోపల నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ రకం అయినా బయటి అద్దాలకి తేమ తగులుతూనే ఉంటుంది. నేను మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. రెండు వర్షాకాలాల పాత అనుభవంతో పోలిస్తే ఈ ఏడాది ఒక్క మచ్చ లేదు.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ చక్రానికి తగ్గించాను. బడ్జెట్ తక్కువైతే దగ్గరి ఫోకస్ రెండు మీటర్ల లోపు ఉన్న 8×25 అయినా తీసుకోండి, 12×, 20× అని రాసినవాటి జోలికి వెళ్ళకండి. చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది.

ఎదుటి ఇల్లు శ్లాబు దాకా వచ్చింది. గోడ మాత్రం అలాగే ఉంచారు, డిసెంబర్లో రెండుసార్లు ఉడుముని చూశాను. పాత గూడు ఖాళీదే అయినా కొమ్మని వదల్లేదు. ఈ జనవరిలో ఆకులు రాలాక దానికి జానెడు పక్కన ఇంకో కాయ కనబడింది, నిండుది. గ్రిల్ నుంచి ఎంత వెనక్కి జరిగితే అది స్పష్టంగా కనిపిస్తుందో చూసుకుని, బాల్కనీ గచ్చు మీద సుద్దముక్కతో గీత గీశాను. ఊడ్చేటప్పుడు దాన్ని చెరపొద్దని పనికొచ్చే అమ్మాయికి చెప్పాను.